సున్నపు పట్టీ మీద సంతకం

మా బడి పెద్దగది పడమటి గోడలో పగులును నేను మొదటిసారి చూసింది 1968 ఏప్రిల్ ఎనిమిదిన, సోమవారం ఉదయం, ప్రార్థన గంట కొట్టకముందు. సరిగ్గా ఎనిమిది రోజుల తరువాత, పదహారో తేదీ మంగళవారం, పెద్దపల్లి నుంచి ఓవర్సీరు రావలసి ఉంది. గది నిలవాలా కూలాలా అన్నది ఆయన సంతకం మీద ఆధారపడి ఉంది.

పగులు పెద్దదేమీ కాదు. రెండో దూలం గోడలోకి దూరిన చోట మొదలై, పైన పిట్టగోడ వైపు జానెడు పాకింది. జేబులో ఉన్న పోస్టుకార్డు తీసి అంచు పెట్టి చూశాను. పట్టింది. కార్డు మళ్ళీ జేబులో పెట్టుకుని, ఎప్పటిలాగే గంట కొట్టమన్నాను. పిల్లల ముందు నా గొంతు మారలేదని ఇప్పటికీ జ్ఞాపకం. నాకు భయం లేకపోలేదు. ఈ గది కూలదన్న నమ్మకం మాత్రం భయం కంటే పాతది.

ఆ గదిని మిషనువాళ్ళు 1911లో కట్టించారు. రాయి, గానుగ సున్నం, అయిదు టేకు దూలాలు, వాటి మీద మట్టీ సున్నమూ కలిపి దిమ్మిస చేసిన మిద్దె. యాభై ఏడేళ్ళ వానలకు అది ఓర్చుకుంది. గోదావరిఖనిలో బొగ్గు బాయిలు తెరుచుకున్నాక మాత్రం పిల్లల సంఖ్యకు ఓర్చుకోలేకపోయింది. నేను హెడ్మాస్టరుగా వచ్చిననాడు నలభై ముగ్గురు. ఆ ఏడు రెండు వందల పదిమంది. అందుకే ఈ పని తలపెట్టాం. గోడలో ఇరుక్కున్న చోట చివరలు కుళ్ళిన రెండు దూలాలను బాగుచేయాలి. పడమటి గోడకు వాకిలి తెరిచి అవతల రెండు కొత్త గదులు కలపాలి. జూన్ నుంచి ఆరో తరగతి పెట్టాలి.

మిషను కమిటీలో ఎక్కువమంది పాతది పడగొట్టి రేకుల షెడ్డు వేద్దామన్నారు. అది సులువే. కానీ పడగొట్టిన గదికి బదులు గది వచ్చేదాకా ఆరో తరగతి రాదు. ఎన్నేళ్ళు పడుతుందో చెప్పగలవాళ్ళు కమిటీలో లేరు. ఒక సాయంత్రమంతా వాదించాను. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు: గోడలు గట్టివని ఓవర్సీరు రాసివ్వాలి. రాసివ్వకపోతే గది నేలమట్టం.

ఈ పగులును ఆయన పగులుగానే చూస్తాడు. దాని వెనకున్న యాభై ఏడేళ్ళను ఎందుకు చూస్తాడు?

దూలాల చివరలు కోసేముందు వాటిని కింది నుంచి నిలబెట్టాలి. ఆ పనిని సదయ్య అడిగి తీసుకున్నాడు. రెండో బాయిలో భూమి లోపల కప్పు కూలకుండా కొయ్య ప్రాపులు నిలబెట్టే టింబరు పని అతనిది. పదేళ్ళ అనుభవం. అతని కూతురు పూలమ్మ ఆ ఏడే మా దగ్గర అయిదో తరగతి పూర్తిచేసింది.

"గీడ ఆరు ఉంటే సదువుతది సారూ. లేకుంటే ఇంట్ల ఉంటది. అంత దూరం ఒక్క పోరిని పంప," అన్నాడు మొదటిరోజే. బెదిరింపు కాదు, బేరమూ కాదు. ఉన్నమాట చెప్పాడు.

మార్చి నెలాఖరున సదయ్య, యేసయ్య, సామ్యేల్, మరో ఎనిమిది మంది డ్యూటీ దిగి నేరుగా బడికి వచ్చారు. రెండు గంటల్లో ఆ రెండు దూలాల కింద, ఒక్కోదానికి రెండు కొసల దగ్గరా, గోడకు మూరెడు దూరంలో ప్రాపులు లేచాయి. ప్రాపుకూ దూలానికీ మధ్య బిగింపు చెక్కలు. ఒకవైపు పలచగా, ఒకవైపు మందంగా కోసిన ముక్కలవి. మందపు వైపు సుత్తితో కొడితే లోపలికి దూరి బిగుస్తాయి. పని అయ్యాక సదయ్య తలుపు పక్క మేకుకు ఒక సుత్తి వేలాడదీశాడు.

"ప్రాపున్న కాడ సుత్తి ఉండాలె సారూ. వీటిని మేం చూసుకుంటం. నువ్వు పిల్లలకు సదువు జెప్పుకో."

మేస్త్రీ ఆగయ్య గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. అరవై మూడేళ్ళవాడు. ఈ గది కట్టేటప్పుడు ఆరేళ్ళ వయసులో సున్నపు గానుగ ఎద్దును తోలినవాడు. ఇప్పుడు దీన్ని బాగుచేసే పని అతనిదే.

"గిదేంది సదిగా, బడా బాయా? పొయ్యి బొగ్గు గూడ తవ్వుతరా ఈడ?"

"నీ సున్నం నమ్మి మా పిల్లల్ని కూసోబెడ్తమా కాకా?"

"నా సున్నం మీద మీ అయ్య గూడ కూసున్నడు, అడుగుపో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇద్దరు పనిమంతులు ఒకరినొకరు గిల్లుకుంటూ పనిచేస్తే ఆ పని గట్టిగా వస్తుందని నా అనుభవం.

పగులు కనబడగానే పని ఆపించాను. ఆగయ్య నిచ్చెన ఎక్కి, పగులు మీద వేలు పెట్టి కింది నుంచి పైకి నడిపించాడు.

"పునాది కుంగిందా?" అడిగాను.

"పునాది కుంగితే పగులు కిందికెల్లి వస్తది. ఇది దూలం కాడ పుట్టి మీదికి పోయింది. కింద చిన్నగున్నది, మీద వెడల్పున్నది." తల అడ్డంగా ఊపాడు. "నాకు సమజైతలేదు సారూ. కుంగిన గోడ గిట్ల పగలది."

ఆ మాటను నేను పట్టించుకోవలసింది. చెవిలో పడింది, మనసులో పడలేదు.

పగులుకు అడ్డంగా ఆగయ్య మూడువేళ్ళ వెడల్పున పలచటి సున్నపు పట్టీ పూశాడు. గోడ వెంట్రుకవాసి కదిలినా అది తెగుతుంది. ఏప్రిల్ ఎండకు గంటలో ఆరిపోయింది. దాని మీద పెన్సిలుతో తేదీ, వేళ రాశాను. మంగళవారం ఉదయం ఎనిమిదింటికి చూస్తే తెగి ఉంది. మళ్ళీ పూయించాను. సాయంత్రం నాలుగింటికి తెగి ఉంది. మళ్ళీ పూత. బుధవారం ఉదయం ఎనిమిది, సాయంత్రం నాలుగు. గురువారమూ అంతే. వారం మధ్యకు వచ్చేసరికి పోస్టుకార్డు అంచు కాదు, కార్డును మడిచి పెట్టినా పట్టేటంత అయింది.

తెగిన వేళలు ఒక కాగితం మీద రాసి ముందు పెట్టుకున్నాను. ఉదయం ఏడింటికి రాత్రి షిఫ్టు దిగుతుంది. మధ్యాహ్నం మూడింటికి మొదటి షిఫ్టు దిగుతుంది. పట్టీలు తెగే వేళలు వాటి వెనకే వస్తున్నాయి. షిఫ్టు ముగిసేలోగా లోపల తూటాలు పేలుస్తారు. మా బడిలో సుద్దముక్కలు పెట్టెలో కదలడం నేను విన్నాను. ఇంకేం కావాలి? కారణం దొరికింది. దొరికిందన్న తృప్తి ఎంత గట్టిదంటే, భవనం పగులుతున్నదన్న బాధ కూడా కాసేపు దాని కింద అణిగింది. కారణం గురించీ కార్యం గురించీ ఎన్ని రాత్రులు చదివాను! రెండు విషయాలు ఒకే వేళకు జరిగితే ఒకటి రెండోదానికి తల్లి కానక్కరలేదని ఎన్నిసార్లు గీత గీసుకున్నాను! చదువు పుస్తకంలోనే ఉండిపోయింది.

శనివారం మధ్యాహ్నం కంపెనీ మేనేజరుకు ఉత్తరం రాశాను. పేలుళ్ళ వల్ల బడి గోడ పగిలిందనీ, తేదీలతో సహా రుజువు ఉందనీ, దీనికి కంపెనీయే బాధ్యత వహించాలనీ. నాలుగు పేజీలు. నేను రాసినవాటిలో అంత బిగువైన వాక్యాలు తక్కువ. మూడో తరగతి టీచరు సుసన్నాకు చదివి వినిపించాను. ఆమె నాకంటే పదేళ్ళు పెద్దది. పిల్లల ముందు నన్ను సారు అంటుంది, లేనప్పుడు తమ్మీ అంటుంది.

"మంచిగ రాసినవ్ తమ్మీ," అంది. "ఒక్కటడుగుత. రేపు ఆదివారం. బాయిల పని ఉండదు, తూటాల్లేవు. రేపు పట్టీ తెగకుంటే నీ ఉత్తరం సత్యం. సోమవారం దాంక ఆగరాదు? ఇరవై నాలుగ్గంటల్ల ఏం పోతది?"

"ఓవర్సీరు మంగళవారం వస్తడు అక్కా. ఆయన రాకముందే ఇది కంపెనీకి చేరాలె."

"జల్ది పడినోని మాట నిజమైనా ఎవ్వరూ నమ్మరు," అని చాకుపీసు పొడి దులుపుకుంటూ వెళ్ళిపోయింది.

ఉత్తరం పంపలేదు. ఆమె చెప్పినందుకు మాత్రమే కాదు, ఆదివారం నా వాదానికి చివరి సాక్ష్యం ఇస్తుందన్న ధీమాతో కూడా ఆగాను.

ఆ ఆదివారం పునరుత్థాన పండుగ. చర్చి బడి ఆవరణలోనే ఉంది. ఆ రెండు వారాలూ తరగతులన్నీ ఉదయం ఆ చర్చిలోనే నడిపాం. ఆరాధనకు ముందు పెద్దగదిలోకి వెళ్ళి చూశాను. శనివారం సాయంత్రం పూసిన పట్టీ చెక్కుచెదరలేదు. బాయి నిశ్శబ్దం, గోడ నిశ్శబ్దం. మనసు తేలికపడింది. ఆరాధన ముగిశాక మళ్ళీ వచ్చి, పక్కకు పేర్చిన బల్లల వెనక, నల్లబల్ల చాటున కూర్చుని ఉత్తరాన్ని మరొకసారి సరిచూసుకుంటున్నాను.

తలుపు దగ్గర చప్పుడైంది. సదయ్య, పూలమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చాడు. వాళ్ళు చర్చికి వచ్చేవాళ్ళు కారు. ప్లేడే కనుక, అంటే బాయికి వారపు సెలవు కనుక, ఉతికిన బట్టలు కట్టుకుని బిడ్డతో బజారుకు బయలుదేరాడు. దారిలో బడి. ఆగకుండా పోతే తోచదు. కూతురితో ఏదో మాట్లాడుతూనే మేకుకున్న సుత్తి తీసుకున్నాడు. మొదటి ప్రాపును దాని పిడితో తట్టి, తల వంచి విన్నాడు. తరువాత బిగింపు చెక్క మీద ఒక్క దెబ్బ వేశాడు. రెండో ప్రాపు. తట్టడం, వినడం, దెబ్బ. నాలుగూ పూర్తిచేసి సుత్తిని తిరిగి మేకుకు తగిలించాడు. బిడ్డ చొక్కా గుండీ పెట్టినంత మామూలుగా చేశాడు. నన్ను చూడనేలేదు.

నాకింకా ఏమీ తట్టలేదు. బాధ్యత గల మనిషి అనుకున్నాను.

పావుగంటకు యేసయ్య వచ్చాడు, చర్చి నుంచి, కొత్త పంచెతో. సుత్తి. తట్టడం, వినడం, దెబ్బ. అతను పోయాక సామ్యేల్, భార్యను గుమ్మం బయట నిలబెట్టి. తరువాత మరొకడు. ఒకరు వచ్చి వెళ్ళినట్టు ఇంకొకరికి తెలియదు. గంటలో అయిదుగురు. అయిదో మనిషి కొట్టిన మూడో దెబ్బకు గోడ మీద చిన్న చప్పుడు వినిపించింది. ఎండుటాకు మీద కాలేసినట్టు.

లేచి వెళ్ళి చూశాను. పట్టీ తెగింది.

భూమి లోపల కప్పు ప్రతి క్షణం కిందికి దిగుతూనే ఉంటుంది. దాని కింద ప్రాపు వదులైతే మనిషి చస్తాడు. కాబట్టి ప్రాపు పక్కనుంచి నడిచే టింబరు మనిషి దాన్ని తట్టకుండా, చెక్కను ఒక దెబ్బ వేయకుండా దాటడు. షిఫ్టు దిగేవాడు కొడతాడు, ఎక్కేవాడు కొడతాడు. అక్కడ అది ప్రాణం నిలిపే అలవాటు. మా మిద్దె మాత్రం దిగడం లేదు. యాభై ఏడేళ్ళుగా ఉన్నచోటనే ఉంది. దిగని కప్పు కింద చెక్క బిగిస్తే ఏమవుతుంది? కప్పు లేస్తుంది. పదకొండుమంది, డ్యూటీకి పోతూ ఒక దెబ్బ, వస్తూ ఒక దెబ్బ, రెండు వారాలు. దూలం చివర గోడను కింది నుంచి పైకి ఎత్తుతూ వచ్చింది. కింద చిన్నగా, మీద వెడల్పుగా. ఆగయ్య వేలు చూపించింది ఇదే.

ఉత్తరం నా చేతిలోనే ఉంది. నాలుగు పేజీలు, తేదీలు, వేళలు. ఒక్క అంకె కూడా తప్పు లేదు. తప్పంతా నాది. వాళ్ళు సుత్తి తీసుకోవడాన్ని అంతకుముందు రెండు మూడుసార్లు నేను చూసే ఉన్నాను. చూసి సంతోషించాను. నా గదిని ఇంతమంది కాపలా కాస్తున్నారని గర్వపడ్డాను. సంతోషపెట్టే దృశ్యాన్ని ఎవరూ పరీక్షించి చూడరు.

ఇంకొక ఆలోచన కూడా వచ్చింది. దాన్ని దాచను. ఉత్తరం పంపవచ్చు. తూటాలు ఉన్నమాట నిజం, వేళలు సరిపోయినమాట నిజం. ఎవరికీ అసలు సంగతి తెలియదు. కంపెనీ తలచుకుంటే కొత్త బడే వస్తుంది. ఆ ఆలోచన గుమ్మం దాకా నాతో వచ్చింది. గుమ్మం దగ్గర మేకుకు వేలాడుతున్న సుత్తిని చూశాను. దాని పిడి పదకొండు చేతుల చెమటకు నల్లబడింది. సుత్తి తీసి సంచిలో వేసుకుని, సదయ్య క్వార్టరుకు నడిచాను.

బజారు నుంచి వచ్చి గడపలో కూర్చుని ఉన్నాడు. విషయం మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. చెప్పడం అయ్యాక నా సంచిలోని సుత్తి వైపు చూశాడు.

"అంటే, నేను నిలబెట్టిన బడిని నేనే పగలగొడ్తున్న."

"నువ్వొక్కనివి కాదు. అందరు. నేను చూస్తనే ఉన్న."

"సారూ, నీకొకటి జెప్త. మూడేండ్ల కింద ఒక్కనాడు, పండుగ పూట, జల్దిగ ఇంటికి పోదామని కొట్టకుండ దాటిన. ఒక్కటంటె ఒక్క ప్రాపు. మా రాయమల్లు కాలు పోయింది. గప్పటిసంది నా చెయ్యి నా మాట వినదు. ప్రాపు కనబడితే పోతది." అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "ఇప్పుడేం చెయ్యాలె?"

"చెక్కలు వదులు చెయ్యాలె. ఎంత బిగించినమో అంత."

సదయ్య లేచి నిలబడ్డాడు. భయాన్ని నేను అతని ముఖంలో మొదటిసారి చూశాను.

"వదులు జేసుడా? సారూ, బాయిల ప్రాపు తీసుడంటె ఏందో తెలుసా నీకు? తీసినోడు ఎనక్కి తిరిగి చూడడు, ఉరుకుతడు. కప్పు వాని ఎనకాల్నె పడ్తది."

"రేపు ఆగయ్యను పిలుస్త. ఆయన చెప్పినట్టు చేద్దాం. కింద నేనుంట."

"నువ్వెందుకు? టింబరు నాది."

"బడి నాది," అన్నాను.

సోమవారం మొదటి షిఫ్టు దిగాక పని మొదలైంది. ఆగయ్యకు సంగతి చెప్పినప్పుడు రొమ్ము కదిలేలా నవ్వాడు. "ఎత్తిన్రా! గోడను ఎత్తిన్రా! అందుకే నాకు సమజు కాలె. యాభై ఏండ్లసంది దిగిన గోడలు చూసిన, లేసిన గోడ చూడలె." తరువాత నవ్వు ఆపి, సదయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "మీ బాయి కప్పు వేరు బిడ్డా. అది ఆకలి మీదుంటది, కిందికి చూస్తది. ఇది తిని కూసున్నది. లేపినం గదా, మళ్ళ కూసోనియ్యాలె. గంతే."

పదిమందిని గది బయటే ఆపాం. లోపల ముగ్గురం. ఆగయ్య గోడకు చెవి ఆనించి, పగులు కింద పీట మీద కూర్చున్నాడు. సదయ్య చెక్క పలచటి కొసన సుత్తి ఆనించాడు. ఎదురు దిక్కు నుంచి కొట్టాలి. చేతికి అది పరాయి పని. రెండుసార్లు సుత్తి ఎత్తి దించాడు. మూడోసారి కొట్టాడు.

"గోరంత. ఇగ అవతలిది," అన్నాడు ఆగయ్య.

రెండో ప్రాపు. గోరంత. మళ్ళీ మొదటిది. ఆరో దెబ్బకు దూలం కిర్రుమంది. పైనుంచి ఎర్రటి దుమ్ము జలజలా రాలింది. తరువాత ఏం జరిగిందో నాకు నడివాకిట్లో నిలబడ్డాకే తెలిసింది. సదయ్య ఒక్క కేక పెట్టి, నా మెడ పట్టి, గుమ్మం దాటించి, వాకిట్లోకి ఈడ్చుకొచ్చాడు. నా చెప్పు ఒకటి లోపలే ఉండిపోయింది. బయట పదిమందీ అప్పటికే ప్రహరీ దాటి రోడ్డు మీద ఉన్నారు.

గదిలోంచి దగ్గు వినబడింది. దుమ్ము తెరలో ఆగయ్య పీట మీదనుంచి కదలలేదు.

"ఎటు ఉరుకుతున్నర్రా? అది కూసుంటున్నది! ముసలిది కూసునేటప్పుడు మోకాళ్ళు సప్పుడు చెయ్యవా?" తుమ్మాడు. "సారూ, నీ చెప్పు ఈడనే ఉన్నది. వచ్చి తొడుక్కో."

రోడ్డు మీద మొదట సామ్యేల్ నవ్వాడు. తరువాత అందరూ. సదయ్య మాత్రం నవ్వలేదు. నా మెడ మీద అతని వేళ్ళ అచ్చులు ఇంకా మండుతున్నాయి. అతను గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి తొంగి చూసి, పైన మిద్దెను కొస నుంచి కొస దాకా చూశాడు. కప్పు పడలేదు. ప్రాపు వదులు చేసినా పడలేదు. అలాంటి కప్పు ఒకటి లోకంలో ఉంటుందని ఆ మనిషి చేతులు ఆ క్షణంలో నేర్చుకోవడం నేను చూశాను. లోపలికి నడిచాడు. ఈసారి సుత్తి ఒక్కసారే ఎత్తాడు.

సూర్యాస్తమయానికి నాలుగు ప్రాపులూ దూలాలను తాకీ తాకనట్టు నిలబడ్డాయి. పగులు పూర్తిగా మూసుకోలేదు. కానీ పోస్టుకార్డు అంచు పట్టలేదు. బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలిపిన సున్నపు పాలను ఆగయ్య అందులోకి పోశాడు. పైన కొత్త పట్టీ పూశాడు. నేను తేదీ వేశాను. సుత్తి నా బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను.

మంగళవారం పదిగంటలకు ఓవర్సీరు నర్సింగం వచ్చాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. పట్టీ తెగలేదు. ఆయన దాన్ని చూసి, తేదీ చదివి, "నిన్ననే పూసిండ్రు," అన్నాడు.

"అవునండి. అంతకుముందు రోజుకు రెండుసార్లు తెగింది."

"ఎందుకు?"

జవాబు తయారుగా ఉంది, కానీ చెప్పడం సులభం కాలేదు. గోడ పగలడానికి కారణం మేమేనని, ఆ గోడకు యోగ్యతాపత్రం ఇవ్వవలసిన మనిషికే చెప్పాలి. చెప్పాను. సదయ్య అలవాటు, నా గుడ్డితనం, పంపని ఉత్తరం, ఆగయ్య చెవి, ఏదీ విడిచిపెట్టలేదు. గుమ్మంలో రాత్రి షిఫ్టు దిగి వచ్చిన అయిదుగురు నిలబడి ఉన్నారు, ముఖాలు కూడా కడుక్కోలేదు.

నర్సింగం చాలాసేపు దూలం వైపు చూశాడు.

"పదిహేనేండ్ల సర్వీసుల బరువు మోయలేక పగిలిన గోడలే చూసిన," అన్నాడు. "ఈ గోడ దూలాన్ని, మిద్దెను, మీ పదకొండుమంది దెబ్బల్ని కూడ మోసింది. పునాది కదల్లేదు." అంటూనే, ఎంత గట్టిగా ఉన్నదో చూడడానికి దగ్గర్లోని ప్రాపును ఊపబోయాడు.

"ముట్టకుండ్రి!"

అయిదు గొంతులు ఒక్కసారి అరిచాయి. ఓవర్సీరు చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. తరువాత ఆయన పెదవులు కదిలాయి. నవ్వే అనుకుంటాను.

"సరే," అని జేబులోంచి పెన్సిలు తీశాడు. కాగితం అడగలేదు. నిచ్చెన రెండు మెట్లు ఎక్కి, సున్నపు పట్టీ మీద, పగులుకు సరిగ్గా అడ్డంగా, తన సంతకం చేశాడు. "మే ఎనిమిదికి మళ్ళ వస్త. నా సంతకం తెగకుంటే గది ఉంటది, రాసిస్త. తెగితే కమిటీ చెప్పినట్టే. మీరు చెయ్యాల్సిన పని ఒక్కటే."

"ఏంది సార్?" అడిగాడు సదయ్య.

"ఏం చెయ్యద్దు."

మూడు వారాలు ఏమీ చేయకుండా ఉండడం ఎంత పని! సెలవులు మొదలయ్యాయి. వాళ్ళు డ్యూటీకి పోతూ వస్తూ ఆగేవాళ్ళు, ఆగక ఉండలేరు. లోపలికి వచ్చి ప్రాపుల మధ్య నిలబడి, సంతకం చూసి వెళ్ళేవాళ్ళు. మొదటి వారం యేసయ్య చెయ్యి రెండుసార్లు ఖాళీ మేకు దాకా పోయి ఆగింది. నేను కూడా తక్కువేమీ కాదు. రోజుకు ఎన్నిసార్లు ఆ పట్టీ ముందు నిలబడ్డానో లెక్కలేదు. ఒకనాడు సుసన్నా వచ్చి, "చూపుతోని గూడ పగులుతది తమ్మీ, కొద్దిగ ఇవతలికి రా," అంది. ఒక పెన్సిలు గీతను తెగకుండా కాపాడడానికి దూరంగా ఉండడం తప్ప దారి లేదని, ఆ దూరం కూడా ఒక పనేనని నాకు నలభై ఏళ్ళ వయసులో అర్థమైంది.

మే ఎనిమిదిన నర్సింగం వచ్చి తన సంతకాన్ని వేలితో తడిమాడు. మొదటి అక్షరం నుంచి చివరి దాకా వేలు ఎక్కడా ఆగలేదు. అక్కడే, నా బల్ల మీద, రాసిచ్చాడు.

ఆ నెలలోనే దూలాల కుళ్ళిన చివరలు కోసి కొత్త టేకు అతికించి ఇనుప పట్టీలు వేశాం. పడమటి గోడ వాకిలి తెరుచుకుంది. ఆగయ్య ఆ వాకిలికి కమాను కట్టాడు. ఆరేళ్ళప్పుడు తాను ఎద్దును తోలి ఆడించిన గానుగ సున్నంతోనే కట్టాడా అన్నంతగా అది పాత గోడలో కలిసిపోయింది. జూన్‌లో కొత్త గదుల్లో ఆరో తరగతి మొదలైంది. కంపెనీకి రాసిన ఉత్తరాన్ని నేను చింపలేదు. కాగితం మంచిది. ఆ నాలుగు పేజీల వెనకవైపు ఆరో తరగతి పిల్లల పేర్లు రాశాను. పదిహేడో పేరు పూలమ్మ.

ప్రారంభం రోజున పదకొండుమందీ డ్యూటీ దిగి వచ్చారు. ప్రాపులు నాలుగూ ఇంకా తీయలేదు. ఆగయ్య వానాకాలం దాటనిమ్మన్నాడు. కొత్త గదులకు దారి వాటి మధ్యనుంచే. వాళ్ళు ఒకరి వెనక ఒకరు పెద్దగది దాటడాన్ని నేను కమాను కింద నిలబడి చూశాను. అందరికంటే ముందు సదయ్య. మొదటి ప్రాపు దగ్గరికి రాగానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాని మణికట్టు ఇంకొకటి గట్టిగా పట్టుకున్నాడు. వెనకున్న యేసయ్య అది చూసి తనూ పట్టుకున్నాడు. వాళ్ళ వెనక సామ్యేల్, మిగిలినవాళ్ళు. తలలు ఎత్తి, చేతులు వెనక కట్టుకుని, ప్రాపుల మధ్యనుంచి నడిచారు.

"ఏంది, అందర్ని అరెస్టు జేసిన్రా?" అన్నాడు ఆగయ్య.

ఎవరూ చేతులు వదలలేదు. ఆరో తరగతి గుమ్మం దాటాకే వదిలారు.